ఎవరు పడితే వాళ్ళు పట్టుకోని కొణతం: కారంపూడి నుంచి మనం నేర్చుకోవాల్సింది

 కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

ఆగస్టు 9 దగ్గర పడితే చాలు, మన పిల్లలకు ఆకులు కట్టి, చేతికి బాణం ఇచ్చి స్టేజీ ఎక్కిస్తారు. ఏదో ఒక యుద్ధం చూపిస్తారు. అది ఏ యుద్ధం, ఎవరితో, ఎందుకు జరిగింది? ఎవరూ అడగరు. మనకు దగ్గర్లోనే, పల్నాడులో, ఒక యుద్ధాన్ని ఏటా ఐదు రోజులు జరుపుతారు. అక్కడ మాత్రం ప్రతిదానికీ ఒక కట్టుబాటు ఉంది.

ఆ ఊరు కారంపూడి. మార్కాపురం నుంచి త్రిపురాంతకం, వినుకొండ మీదుగా పోవచ్చు. 12వ శతాబ్దంలో గురజాల నలగామరాజుకూ, మాచర్ల మలిదేవరాజుకూ మధ్య పల్నాటి యుద్ధం జరిగింది. అటు మంత్రి నాయకురాలు నాగమ్మ, ఇటు బ్రహ్మనాయుడు. చివరి పోరు 1182 ప్రాంతంలో కారంపూడిలోనే జరిగిందని చెబుతారు. అక్కడ నాగులేరు దగ్గర వీరుల గుడి ఉంది.

కార్తీక అమావాస్యకు ఉత్సవం మొదలవుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు, ఇదీ వరస. రాయబారం అంటే సంధి మాట్లాడబోయి విషానికి బలైన అలరాజు కథ. మందపోరులో ఆలమందల కోసం పోరాడి పడిపోయిన లంకన్నను తలుచుకుంటారు. కోడిపోరు అంటే బ్రహ్మనాయుడి వాళ్ళను ఊరు విడిచి పోయేట్టు చేసిన పందెం. కథలో పందెమే ముందు జరిగింది, ఉత్సవంలో నాలుగో రోజు వస్తుంది. కథ వరస వేరు, ఆచారం వరస వేరు. అయినా ఎవరూ మార్చరు.

ఇక కొణతం. అంటే వీరుడి ఆయుధం. తాము ఆ వీరుల వంశం వాళ్ళమని చెప్పుకునే కుటుంబాలు తరతరాలుగా వాటిని పూజిస్తూ, ఉత్సవానికి తీసుకొస్తాయి. వీళ్ళను ఆచారవంతులు అంటారు. ప్రకాశం వైపు నుంచి కూడా వస్తారు. నాగులేటిలో స్నానం చేయించి కొణతాలను గుడికి తెస్తారు. ఉత్సవాన్ని నడిపించేది పిడుగు వంశం పీఠాధిపతి. ఇంగ్లండులో 1066 నాటి హేస్టింగ్స్ యుద్ధాన్ని కూడా ఇట్లాగే మళ్ళీ ఆడతారు. అక్కడ కత్తికి పదును ఉండకూడదు, బట్టలు ఆ కాలానివే కావాలి. అది చూసేవాళ్ళ కోసం పెట్టుకున్న రూలు. కారంపూడిది చనిపోయినవాళ్ళ కోసం పెట్టుకున్న రూలు.

నాకు అన్నిటికంటే నచ్చింది చాపకూడు. మందపోరు రోజున కులం చూడకుండా ఒకే వరసలో కూర్చుని తింటారు. బ్రహ్మనాయుడు పెట్టిన పద్ధతి అది. ఆయన సేనాపతి మాల కన్నమదాసు. ఈ కథను పాడుతూ నిలబెట్టిన వీరవిద్యావంతులు కూడా మాలలే. అంటే కత్తి తిప్పడం ఒక్కటే యుద్ధం కాదు, పక్కన కూర్చుని తినడం కూడా అందులో భాగమే.

మరి మనం ఎక్కడున్నాం? బాలచంద్రుడి వెంట నడిచిన అన్నదమ్ముల్లో బ్రాహ్మణుడు, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి ఉన్నారని చెబుతారు. నల్లమల పక్కనే జరిగిన కథ, ఆ వరసలో చెంచు పేరు మాత్రం వినపడదు. దానికి కోపం తెచ్చుకుని లాభం లేదు. తన కథను దాచుకున్నవాళ్ళ పేరే మిగులుతుంది.

మేడారం చూడండి. కాకతీయుల సైన్యంతో పోరాడిన సమ్మక్క, సారలమ్మలను రెండేళ్ళకోసారి గద్దెల మీదికి తెచ్చేది కోయ వడ్డెలే. సారలమ్మ కన్నెపల్లి నుంచి, సమ్మక్క చిలకలగుట్ట నుంచి వస్తారు. లక్షల జనం వచ్చినా, ప్రభుత్వం వచ్చినా, ఆ పని చేతులు మారలేదు.

అందుకే మన గ్రూపులో మూడు మాటలు అనుకుందాం. ఒకటి, స్టేజీ మీద ఆడే కథ ఎవరిది, ఏ ఊరిది అని చెప్పలేకపోతే ఆడొద్దు. రెండు, వేషం సంగతి గూడెంలో, తండాలో పెద్దోళ్ళను అడిగే తేల్చాలి. ఆకులు కట్టమని బయటివాళ్ళు చెబితే ఒప్పుకోవద్దు. మూడు, ఆట అయ్యాక చెంచు, సుగాలి, యానాది, ఎరుకల అందరం ఒకే వరసలో కూర్చుని తినాలి.

మీ ఊళ్ళో పెద్దోళ్ళు చెప్పే పోరాటం కథ ఏదైనా ఉంటే కామెంట్లో రాయండి. చిన్నదైనా పర్వాలేదు, ఊరి పేరు మాత్రం మర్చిపోవద్దు.