ఈస్టు పరిమళాలు

సూక్ష్మజీవులకు నూనెనో చక్కెరనో మేతగా వేసి, వాటి చేత సువాసన ద్రవ్యాలు తయారు చేయించే విద్యకు అరవై ఏళ్లు దాటాయి. మొదట్లో ప్రకృతిలో దొరికిన ఈస్టునే వాడుకున్నారు. 2000 తర్వాత మొక్కల జన్యువులను, పురుగుల జన్యువులను ఈస్టులో చేర్చి, కావలసిన వాసనకు తగ్గట్టు ఆ జీవినే తీర్చిదిద్దడం మొదలైంది. దీన్నే బయోడిజైన్ అంటున్నారు. పరిమళాలనగానే కనౌజ్, గ్రాస్ వంటి అత్తరు పట్టణాలు గుర్తొస్తాయి గానీ, ఈ కొత్త విద్యను గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప చేల వైపు నుంచి చూస్తేనే బాగా అర్థమవుతుంది. దీని తొలి ముడిసరుకుల్లో ఒకటి ఈ చేలగట్ల మీద పెరిగే ఆముదం. దీనివల్ల ఎక్కువ మేలు పొందగలిగినవాడు ఇక్కడి పత్తి రైతు.

ఆముదం నుంచి పీచ్ వాసన

మిరప, పత్తి చేల చుట్టూ ఆముదం మొక్కలు వేయడం ఇక్కడ తెలిసిన పద్ధతే. అది ఎర పంట. పొగాకు లద్దె పురుగు తల్లి వెడల్పాటి ఆముదపాకు అడుగున గుంపుగా గుడ్లు పెట్టి, వాటిని గోధుమరంగు నూగుతో కప్పుతుంది. పిల్ల పురుగులు పచ్చదనం గోకి తినేసరికి ఆకు జల్లెడలా మిగులుతుంది. ఆ ఆకులు ఏరి నాశనం చేస్తే అసలు పంటకు బెడద తగ్గుతుంది. ప్రకాశం మెట్టల్లోనూ, పాలమూరు, నల్గొండ ప్రాంతాల్లోనూ ఆముదం సొంత పంటగానే ఉంది. 1960లలో హైదరాబాద్‌లో విత్తనాలను న్యూట్రాన్లకు గురిచేసి రూపొందించిన ‘అరుణ’ రకం, తొమ్మిది నెలల ఈ పంటను దాదాపు సగం కాలానికి కుదించింది.

ఆముదం నూనెలోని కొవ్వు ఆమ్లాల్లో 85 నుంచి 90 శాతం దాకా రిసినోలిక్ ఆమ్లమే. ఇంత ఎక్కువ మోతాదులో ఇది మరే వాణిజ్య పంట నూనెలోనూ లేదు. 1963లో ఒకుయి, ఆయన సహచరులు జపాన్‌లో కాండిడా జాతి ఈస్టు ఈ ఆమ్లాన్ని ఎలా అరిగించుకుంటుందో పరిశీలిస్తూ, మధ్యలో గామా డెకలాక్టోన్ అనే పదార్థం ఏర్పడుతోందని గుర్తించారు. బాగా పండిన పీచ్, ఆప్రికాట్ పండ్ల వాసన అదే. పండ్లలో అది అత్యల్పంగా ఉంటుంది కనుక వాటి నుంచి తీయడం గిట్టుబాటు కాదు.

ఈ పని జరిగే తీరు చూడముచ్చటైనది. ఈస్టు ముందు నూనెను విడగొట్టి రిసినోలిక్ ఆమ్లాన్ని బయటికి తెస్తుంది. అందులో 18 కార్బన్ల గొలుసు ఉంటుంది. ఈస్టు ఒక్కో విడతకు రెండేసి కార్బన్లు తుంచుకుని శక్తి కోసం వాడుకుంటుంది. నాలుగు విడతలయ్యేసరికి పది కార్బన్లు మిగులుతాయి. అక్కడ పట్టుకుని, ద్రవాన్ని ఆమ్లపరచి వేడిచేస్తే గొలుసు తన మీదికి తాను వంగి ఉంగరమై సువాసననిస్తుంది. 1980లలో యారోవియా లిపోలిటికా అనే ఈస్టుతో అమెరికాలో ఈ పద్ధతికి పేటెంట్లు వచ్చాయి. కష్టమల్లా ఈస్టును సమయానికి ఆపడమే. వదిలేస్తే తాను చేసిన పరిమళాన్ని కూడా తానే తినేస్తుంది. ఫ్రాన్సులోని దిజోన్, గ్రిన్యోన్ పరిశోధకులు గొలుసు తుంచే ఎంజైముల జన్యువులను ఒక్కొక్కటిగా తొలగించి, దిగుబడి ఎక్కడ నష్టపోతోందో కనిపెట్టారు. కిణ్వనంతో వచ్చిన వాసన ద్రవ్యాలను ఐరోపా చట్టం సహజమైనవిగానే లెక్కిస్తుంది. ఈ పరిశ్రమ నిలదొక్కుకోవడానికి అది పెద్ద కారణం.

మిరపలోని వెనిలిన్

మిరపకాయ లోపల గింజలు అంటుకుని ఉండే తెల్లటి భాగంలో కారం తయారవుతుంది. ఫెరులిక్ ఆమ్లం వెనిలిన్ అవుతుంది, వెనిలిన్ వెనిలిలమైన్ అవుతుంది, దానికి ఒక కొవ్వు ఆమ్లం తగిలితే క్యాప్సైసిన్. అంటే ఐస్‌క్రీముల వెనిలా వాసన గుంటూరు కారానికి ఒక మెట్టు. 1990లలో మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ శాస్త్రవేత్తలు మిరప జాతి కణాలను పెంచి, ఫెరులిక్ ఆమ్లం అందించి, వెనిలిన్, క్యాప్సైసిన్ రెండింటినీ రాబట్టారు. పరిశ్రమ మాత్రం వెనిలిన్ కోసం అమైకొలటాప్సిస్ వంటి మట్టి బ్యాక్టీరియాను ఎంచుకుంది. వాటికి వేసే ఫెరులిక్ ఆమ్లం బియ్యపు తవుడు నుంచి కూడా వస్తుంది.

చక్కెర మేసే ఈస్టు

2006లో అమెరికాలో జే కీస్లింగ్ బృందం మలేరియా మందు ఆర్టెమిసినిన్‌కు ముందరి దశ పదార్థాన్ని ఈస్టులో తయారు చేయించింది. ఆ పదార్థం టెర్పీన్లనే రసాయన కుటుంబానిది. మొక్కల సువాసనల్లో చాలా భాగం కూడా ఆ కుటుంబానివే కావడంతో పరిమళ వ్యాపారులకు దారి తెరుచుకుంది. కీస్లింగ్ సహస్థాపకుడిగా ఉన్న అమైరిస్ సంస్థతో కలిసి పరిమళాల సంస్థ ఫర్మెనిష్ 2014లో పచౌలి వాసనిచ్చే క్లియర్‌వుడ్‌ను తెచ్చింది. 2020లో ఐసోబయోనిక్స్, ఫర్మెనిష్ రెండూ చందనపు వాసనకు ఇలాంటి ద్రవ్యాలు విడుదల చేశాయి. చందనం చెట్టు చేవ పట్టడానికి ఏళ్లకేళ్లు పడుతుంది, దొంగలపాలూ అవుతుంది. ఆ ఒత్తిడి తగ్గడం నిజమైన లాభం. అయితే ఈస్టుకు వేసే చక్కెర కూడా ఎక్కడో ఒక చెరకు తోటలోనే పండాలి. దాని నీటిని, నేలను లెక్కలో కలపకుండా పర్యావరణహితమనడం సరికాదు. వ్యాపారమూ నిలకడగా సాగలేదు. అమైరిస్ 2023 ఆగస్టులో దివాలా రక్షణ కోరింది.

పత్తి మొక్కకు కూడా ఇందులో స్థానముంది. పురుగుల నుంచి కాపాడుకోవడానికి అది చేసుకునే గాసిపాల్ అనే టెర్పీన్‌కు తొలి మెట్టయిన డెల్టా కాడినీన్ ఎంజైము జన్యువును 1995లో దేశవాళీ పత్తి గాసిపియం ఆర్బోరియం నుంచి వేరుచేశారు. పత్తి కుటుంబానికే చెందిన హవాయి పూలచెట్టు హిబిస్కడెల్ఫస్ వైల్డేరియానస్ 1912 తర్వాత కనిపించలేదు. హెర్బేరియంలో దాచిన ఎండు కొమ్మలోంచి డీఎన్‌ఏ తీసి, గింక్గో బయోవర్క్స్ సంస్థ శాస్త్రవేత్తలు దాని వాసన జన్యువులను ఈస్టులో పలికించారు. కళాకారిణులు డెయిజీ గిన్స్‌బర్గ్, సిస్సెల్ టోలాస్‌లతో కలిసి 2019లో ఆ వాసనను ప్రదర్శనకు పెట్టారు. ఆ పువ్వు అసలు వాసన కచ్చితంగా అదేనని ఎవరూ చెప్పలేరు, ఏ పదార్థం ఎంత పాళ్లలో ఉండేదో జన్యువులు చెప్పవు కనుక.

రెక్కపురుగుల వాసన

1987–88లో తెల్లదోమ, శనగపచ్చ పురుగు పత్తిని తుడిచిపెట్టి, మందుల అప్పులు మీదపడి, ప్రకాశం, గుంటూరు ప్రాంతాల్లో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఎంత పిచికారీ చేసినా పురుగు చావలేదు. 2002లో తానే పురుగును చంపే బీటీ పత్తి వచ్చి కొంత ఊరటనిచ్చింది. 2010ల మధ్యకు గులాబీ రంగు పురుగు దానికీ అలవాటుపడింది. విచ్చుకోని గుడ్డిపూలు, లోపల గుల్లయిన కాయలు మళ్లీ కనిపించాయి.

పురుగును చంపకుండా దారి తప్పించే మార్గం కూడా ఉంది. ఆడ రెక్కపురుగు మగదాన్ని పిలవడానికి వదిలే వాసనను మనిషి ముక్కు పట్టలేదు. చేలో కర్రకు వేలాడే లింగాకర్షక బుట్టలోని చిన్న ఎరలో అది కొద్ది మిల్లీగ్రాములే ఉంటుంది. గులాబీ రంగు పురుగు వాసన గుట్టు 1973లో తెలిసింది. బుట్టతో ఉధృతి తెలుస్తుంది. తాళ్లకు పట్టించి చేనంతా అదే వాసన నింపితే మగ పురుగుకు ఆడదాని జాడ చిక్కదు. హైదరాబాద్‌లోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ శాస్త్రవేత్తలు ఇలాంటి పదార్థాల తయారీ మీద ఏళ్లుగా పనిచేశారు. ఏటీజీసీ బయోటెక్ వంటి సంస్థలు వాటిని పొలానికి చేరుస్తున్నాయి. చిక్కు ధరతోనే. గొలుసులో జంట బంధం సరైన చోట, సరైన వంపుతో కూర్చడానికి రసాయన మార్గంలో ఎన్నో మెట్లెక్కాలి.

ఆ పని రెక్కపురుగు ఎంజైముకు పుట్టుకతో వచ్చు. 2014లో స్వీడన్‌లోని లండ్ విశ్వవిద్యాలయ బృందం అలాంటి జన్యువులను పొగాకు కుటుంబపు బెంథామియానా మొక్కలో పెట్టి, వచ్చిన ద్రవ్యంతో రెక్కపురుగులను బుట్టలోకి రప్పించింది. డెన్మార్క్‌లో ఇరీనా బొరోడీనా బృందం ఈస్టును ఎంచుకుంది. ఆముదాన్ని పీచ్ వాసనగా మార్చిన యారోవియా లిపోలిటికానే అది. కొవ్వు గొలుసులతో పనిచేయడం దానికి ముందే వచ్చు. ఇక్కడ కూడా తయారైనదాన్ని తినేయకుండా ఆపే జన్యు మార్పులే కీలకమయ్యాయి. శనగపచ్చ పురుగు వాసనకు కావలసిన ఆల్కహాల్‌ను ఈస్టు ఇస్తే, చివరి మెట్టు రసాయనంతో పూర్తిచేశారు. 2020లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. ఆ పరిశోధన నుంచి పుట్టిన బయోఫెరో సంస్థను 2022లో పురుగుమందుల సంస్థ ఎఫ్‌ఎంసీ కొనుగోలు చేసింది.

చౌకగా దొరికినంత మాత్రాన ఒక్క రైతుతో అయ్యే పని కాదిది. శనగపచ్చ పురుగు చాలా దూరం ఎగురుతుంది, దాని మీద ఈ పద్ధతి కష్టం. గులాబీ రంగు పురుగు పత్తినే నమ్ముకుని ఉంటుంది కనుక దాని మీద బాగా పనిచేస్తుంది. అయినా పక్క చేలో జతకట్టిన ఆడ పురుగు గట్టు దాటి వచ్చి గుడ్లు పెట్టగలదు. రెండు మూడు ఎకరాల కమతాలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉండే ఈ ఊళ్లలో పత్తి మొగ్గ తొడిగే వేళకు చేలన్నిటికీ ఒకేసారి వాసన తాళ్లు కట్టాలి. పంట అయ్యాక కట్టెను చేలో ఉంచకుండా అందరూ తీసేయాలి.