సిగ్నల్ 32: తెలియని సంకేతం వెనుక చరిత్ర

పలు థ్రెడ్‌లున్న ప్రోగ్రామును డీబగ్గర్‌లో నడుపుతున్నప్పుడు, మీరు రాయని సిగ్నల్ ఏదో వచ్చి అది ఆగిపోయిందనుకోండి. తప్పు మీదేనా? ఈ ప్రశ్నకు జవాబు చరిత్రలో ఉంది.

సిగ్నల్ అనే భావన బెల్ లేబొరేటరీస్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ రూపొందించిన యూనిక్స్ ద్వారా ప్రచారంలోకి వచ్చింది. నడుస్తున్న ప్రాసెస్‌కు కెర్నెల్ గాని, మరొక ప్రాసెస్ గాని పంపే చిన్న సూచనే సిగ్నల్. కంట్రోల్-సి నొక్కితే వెళ్లేది సిగ్నల్ 2. చెల్లని మెమరీ చిరునామాను తాకితే వచ్చేది సిగ్నల్ 11. అప్పట్లో ఒక ప్రాసెస్‌లో ఒకే పనివరుస నడిచేది. కాబట్టి సిగ్నల్ ఎవరికి చేరాలన్న సందేహం ఉండేది కాదు.

1995లో పోజిక్స్ థ్రెడ్‌ల ప్రమాణం వెలువడడంతో పరిస్థితి మారింది. ప్రాసెస్‌కు పంపిన సిగ్నల్‌ను, దాన్ని అడ్డుకోని ఏ థ్రెడ్ అయినా అందుకోవచ్చు.

1996లో జేవియర్ లెరాయ్ లినక్స్‌థ్రెడ్స్ లైబ్రరీని రూపొందించారు. అందులో ప్రతి థ్రెడ్ కెర్నెల్ దృష్టిలో ఒక ప్రత్యేక ప్రాసెస్. నిద్రిస్తున్న థ్రెడ్‌ను లేపడానికి ఆ లైబ్రరీ సిగ్నళ్లనే వాడింది. మొదట ప్రోగ్రామర్లకు కేటాయించిన రెండు సిగ్నళ్లను తీసుకుంది. 1999లో వచ్చిన కెర్నెల్ 2.2లో రియల్-టైమ్ సిగ్నళ్లు లభించడంతో 32, 33 వంటి సంఖ్యలకు మారింది.

ప్రాసెస్‌కు వచ్చే సిగ్నళ్లు ముందుగా డీబగ్గర్ కంటపడతాయి. 1986లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రారంభించిన జీడీబీకి, లైబ్రరీ అంతరంగం తెలియాలంటే ఒక సహాయక లైబ్రరీ కావాలి. అది సరిపోలకపోయినా, థ్రెడ్ లైబ్రరీలోని సింబల్స్ తొలగించినా, జీడీబీ 32ను అపరిచిత సిగ్నల్‌గా భావించి ప్రోగ్రామును నిలిపివేస్తుంది.

నా విద్యార్థి ఒకరు ఇలాంటి సందర్భంలో మూడు రోజులు తన కోడ్‌నే శోధించి, చివరకు ప్రాజెక్టు వదిలేస్తానన్నారు. కోడ్‌లో దోషం లేదు. డిస్కులో చోటు కలిసివస్తుందని ఆ యంత్రంలోని లైబ్రరీ సింబల్స్ ఎవరో తొలగించారు. జీడీబీలో "హ్యాండిల్ సిగ్32 నోస్టాప్ నోప్రింట్ పాస్" అన్న ఒక్క ఆదేశంతో ప్రోగ్రాము ముందుకు సాగింది.

ఇందులో "పాస్" అన్న మాటను గమనించండి. సిగ్నల్‌ను ప్రోగ్రాముకు అందించకపోతే దానికోసం వేచి ఉన్న థ్రెడ్ ఎప్పటికీ లేవదు. అలాగని సిగ్నల్ 11ను కూడా ఇదే విధంగా దాటవేయరాదు. అసలు దోషమే మరుగున పడవచ్చు. అయితే జావా వర్చువల్ మెషీన్ ఆ సిగ్నల్‌ను ఉద్దేశపూర్వకంగానే వాడుకుంటుంది. కనుక సంఖ్యను మాత్రమే కాక, పంపినదెవరో, ఏ థ్రెడ్ అందుకుందో ముందుగా తెలుసుకోవాలి.

2002లో ఉల్రిష్ డ్రెపర్, ఇంగో మోల్నార్ ఎన్‌పీటీఎల్ అనే కొత్త లైబ్రరీని ప్రకటించారు. 2003 డిసెంబరులో విడుదలైన కెర్నెల్ 2.6 దానికి పూర్తి ఆధారమైంది. థ్రెడ్‌లను లేపే పని ఫ్యూటెక్స్‌కు బదిలీ అయింది. అయినా థ్రెడ్‌ను రద్దు చేయడానికి 32ను, యూజర్ గుర్తింపు మార్పును అన్ని థ్రెడ్‌లకు తెలపడానికి 33ను ఆ లైబ్రరీ తన వద్దే ఉంచుకుంది.

పాత పరిష్కారాల జాడలు కొత్త వ్యవస్థల్లో మిగిలే ఉంటాయి. వాటిని గుర్తించగలిగితే మీ శ్రమ వృథా కాదు, మీ మీద మీకున్న నమ్మకమూ చెదరదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: సిగ్నల్ 32ను, సిగ్నల్ 11ను డీబగ్గర్‌లో ఒకే విధంగా ఎందుకు చూడరాదు?