పదివేల చీరలు, పదమూడున్నర కోట్ల తప్పు

2015 మే నెల. జయలలిత నిర్దోషి అని కర్ణాటక హైకోర్టు తీర్పు చెప్పిన మర్నాడు, ఆఫీసులో భోజనాల వేళకి ఎవరో వాట్సాప్‌లో ఒక పేజీ ఫొటో పంపారు. 919 పేజీల తీర్పులో ఒక పేజీ అది. జయలలిత, ఆమెతోపాటు ముద్దాయిలైన ముగ్గురు, వాళ్ల సంస్థలు బ్యాంకుల దగ్గర తీసుకున్న అప్పుల పట్టిక. వరసగా అంకెలు, కింద మొత్తం. రిపోర్టుల్లో టోటల్ ఎందుకు తప్పొస్తోందో వెతకడమే అప్పట్లో నా ఉద్యోగం కాబట్టి చెయ్యి ఊరుకోలేదు. ఎక్సెల్ తెరిచి అంకెలన్నీ కొట్టాను. తీర్పులో ఉన్న మొత్తం 24,17,31,274 రూపాయలు. నా షీట్‌లో వచ్చింది 10,67,31,274. మళ్లీ కొట్టాను. మళ్లీ అదే. తేడా సరిగ్గా పదమూడున్నర కోట్లు.

నేనేదో కనిపెట్టానని కాదు. అప్పటికే స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ బి.వి. ఆచార్య ఆ తప్పు బయటపెట్టారు, పేపర్లన్నీ రాశాయి. కానీ ఆ కూడిక మీద ఏం నిలబడి ఉందో చూడండి. అప్పుగా తెచ్చిన డబ్బు లెక్కల్లో రాబడి కింద చేరుతుంది. రాబడి పెరిగితే, లెక్క చెప్పలేని ఆస్తి తగ్గుతుంది. హైకోర్టు లెక్కలో రాబడి 34.76 కోట్లు, ఆస్తి 37.59 కోట్లు. మించింది 2.82 కోట్లు, అంటే 8.12 శాతం. పది శాతం లోపయితే వదిలేయొచ్చని సుప్రీం కోర్టు పాత తీర్పు ఒకటుంది. ఇరవై శాతం దాకా పర్వాలేదని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎప్పుడో ఇచ్చిన సర్క్యులర్‌ని కూడా జడ్జిగారు ఉదహరించారు (మన పేరు అక్కడ కూడా వచ్చిందన్నమాట). ఇప్పుడు కూడిక సరిచేసి చూస్తే మించిన ఆస్తి 16.32 కోట్లు. శాతం 76 దాటుతుంది.

ఈ లెక్కని మా టీమ్‌లో నలుగురికి చూపించాను. ఇద్దరు "అవునా" అన్నారు. ఒకమ్మాయి టిఫిన్ డబ్బా మూత పెడుతూ, "ఆవిడకి 750 జతల చెప్పులంట కదా?" అంది. అంతే, అరగంట సేపు చెప్పుల మీదే మాట్లాడుకున్నాం. నేను కూడా.

ఆ రోజు నుంచి నన్ను ఈ ప్రశ్న వదల్లేదు. నాయకుల ఆస్తి గురించి జనం కోప్పడేటప్పుడు దేని మీద కోప్పడతారు?

నాకు ఆ చెప్పులు తెలిసింది 1996 డిసెంబరులో. నేనప్పుడు మూడో తరగతి. మాది నగరి. చిత్తూరు జిల్లా అనడమే గానీ, బస్సెక్కితే కాసేపట్లో తిరుత్తణి. మా వీధిలో సగం ఇళ్లలో మాట్లాడేది తెలుగు, టీవీలో చూసేది తమిళం. అప్పటికి సన్ టీవీ మొదలై మూడేళ్లు. ఆ డిసెంబరులో పోలీసులు జయలలితని అరెస్టు చేసి, పోయెస్ గార్డెన్ ఇల్లు సోదా చేశారు. లోపల తీసిన వీడియో సన్ టీవీలో వేశారు. ఒకసారి కాదు. వరసలు వరసలుగా చెప్పులు, బీరువాల నిండా చీరలు, వడ్డాణాలు, వెండి సామాను. 28 కిలోల బంగారం, 800 కిలోల వెండి, 10,500 చీరలు, 750 జతల చెప్పులు అని పేపర్లు రాశాయి. ఆ అంకెలు పద్యంలా నోటికొచ్చేశాయి మాకు. ఆ ఛానల్ కరుణానిధి మేనల్లుడు మురసొలి మారన్ కొడుకుదని, కరుణానిధే అప్పుడు ముఖ్యమంత్రి అని నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ తట్టలేదు.

మాది నేత ఇల్లు. తాత మొదట చేతిమగ్గం నేసి, తర్వాత అందరిలాగే పవర్‌లూమ్‌కి మారాడు. టీవీలో బీరువా తలుపు తెరవగానే మా అవ్వ ముందుకి జరిగి కూర్చుంది. అందరూ "ఎంత అన్యాయం" అంటుంటే అవ్వ మాత్రం, "ఒకనాడు కట్టింది మళ్లా కట్టకుండా కట్టినా ఎన్నేండ్లు పడతాది రా?" అని నన్నడిగింది. నాకు భాగహారం అప్పుడప్పుడే నేర్పుతున్నారు. పలక మీద చేశాను. ఇరవై ఎనిమిదేళ్లు దాటుతుంది. అవ్వ కాసేపు ఊరుకుని, "అన్నీ ఎవురు నేసినారో. కూలి ఇచ్చిండారో లేదో" అంది. ఆ వీడియో చూసి, చీర వెనకున్న మనిషి గురించి అడిగినవాళ్లని ఆ తర్వాత ఇంకెవర్నీ నేను చూడలేదు.

జనం కోపం ఆ డిసెంబరులో మొదలైంది కాదు. 1995 సెప్టెంబరు 7న ఆమె దత్తపుత్రుడు సుధాకరన్‌కి శివాజీ గణేశన్ మనవరాలితో పెళ్లి చేసింది. లక్షన్నర మందికి పైగా అతిథులు, గిన్నిస్ బుక్‌లో పేరు. ఆ పెళ్లిలో జయలలిత, శశికళ ఇద్దరూ నిలువెల్లా నగలతో, నడుముకి వడ్డాణాలతో పక్కపక్కన నడిచి వస్తున్న ఫొటో ఒకటుంది. మీరూ చూసే ఉంటారు. అప్పటిదాకా ఆమె నెలకి రూపాయి జీతం తీసుకునే ముఖ్యమంత్రి. ఆ ఫొటో పక్కన ఆ రూపాయిని పెడితే ఏమవుతుందో 1996 ఎన్నికల్లో తెలిసింది. రజనీకాంత్ బాహాటంగా ఎదురు తిరిగాడు. ఆమె పార్టీకి అసెంబ్లీలో నాలుగు సీట్లే వచ్చాయి. బర్గూరులో ఆమే ఓడిపోయింది.

కాబట్టి జనం పట్టించుకోలేదని అనలేం. చాలా గట్టిగా పట్టించుకున్నారు. ఐదేళ్లు తిరిగేసరికి, 2001లో, 132 సీట్లతో మళ్లీ గెలిపించారు కూడా.

కోర్టు కాగితాల్లో ఆ చీరల వాటా ఎంతో చాలా ఆలస్యంగా చదివాను. ప్రాసిక్యూషన్ లెక్క ప్రకారం 1991 జులైలో ఆ నలుగురి ఆస్తి సుమారు 2 కోట్లు. 1996 ఏప్రిల్ చివరికి 66.65 కోట్లు. ఈ 66.65 కోట్ల జాబితాలో చీరలు, బట్టల విలువ అంతా కలిపి సుమారు 92 లక్షలు. చెప్పుల విలువ రెండు లక్షల చిల్లర. అంటే చీరలు ఒకటిన్నర శాతం కూడా కాదు. చెప్పులైతే దశాంశ బిందువు తర్వాత సున్నా దాటి వెతుక్కోవాలి. ఇంకో సంగతి. ఆ జాబితాలో పట్టుచీరలు 914. మిగతావి మామూలు చీరలు, బట్టలు, పాతవి. మా వీధిలో మాత్రం పదివేలూ కంచిపట్టే. నేను కాలేజీలో చెప్పినప్పుడు కూడా పదివేల పట్టుచీరలనే చెప్పాను.

మరి మిగతా 98 శాతం ఎక్కడుంది? కాగితాల్లో. వరసగా పుట్టిన కంపెనీలు, వాటి పేరు మీద కొన్న పొలాలు. కొడనాడులో టీ ఎస్టేటు. కట్టిన భవనాలు, వాటికే ప్రాసిక్యూషన్ 27.79 కోట్లు కట్టింది, హైకోర్టు 5.10 కోట్లకి దించింది. పెళ్లి ఖర్చు 6.45 కోట్లని ప్రాసిక్యూషన్ అంటే హైకోర్టు 28 లక్షల దగ్గర ఆగింది. లక్షన్నర మందికి అన్నం పెట్టిన పెళ్లి! కేసు నడిచింది, గెలిచింది, ఓడింది ఇక్కడ. సిమెంటు రేటెంత, మార్బుల్ అడుగెంత, ఫలానా ఖాతాలోంచి ఫలానా ఖాతాకి ఎందుకు వెళ్లింది. వీటిని వీడియో తీసి చూపించడం కుదరదు. ఎకరం భూమి తెర మీద కనిపిస్తే ఎకరం భూమిలాగే ఉంటుంది, ఎవరిదో తెలీదు. చెప్పు మాత్రం కాలిదే.

హైదరాబాద్‌లో ఉండేవాళ్లకి ఇందులో మన ముక్క ఒకటుంది. కొంపల్లి వైపు వెళ్తుంటే పేట్ బషీరాబాద్ దగ్గర, సినిమాల్లో సంపాదించే రోజుల్లో తల్లితో కలిసి ఆమె కొన్న ద్రాక్షతోట. గూఢచారి 116 రోజుల నుంచి ఆమె మనకీ హీరోయినే కదా. ఆ తోట మీద ఆ ఐదేళ్లలో రాబడి ఎంత? ప్రాసిక్యూషన్ ఆరు లక్షల లోపే అంది. ఆమె 52.5 లక్షలంది. కింది కోర్టు 10 లక్షలంది, హైకోర్టు 46 లక్షలకి పైగా ఒప్పుకుంది. ఒకే తోట, ఒకే ద్రాక్ష, నాలుగు పంటలు. ఆ రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడల్లా నాకు ఇది గుర్తొస్తుంది. చెప్పుల గురించి తెలిసిన నా హైదరాబాద్ స్నేహితుల్లో ఈ తోట గురించి తెలిసినవాడు ఒక్కడు లేడు.

అదే 1996లో ఆగస్టులో, కేంద్రంలో టెలికాం మంత్రిగా చేసిన సుఖ్‌రామ్ ఇళ్లలో సీబీఐ వాళ్లకి మూడున్నర కోట్లకి పైగా నోట్లు దొరికాయి. జనం నవ్వుకున్నారు, కోప్పడ్డారు. ఆయన సొంత పార్టీ పెట్టుకుని 1998లో హిమాచల్‌లో ప్రభుత్వం ఎవరిదో తేల్చే స్థాయిలో నిలిచాడు. ఆయన బీరువాలో కోట్లెన్నో, బూట్లెన్నో ఎవరైనా లెక్కపెట్టారా? నాకు కనపడలేదు. ఫిలిప్పీన్స్‌లో 1986లో మార్కోస్ దంపతులు పారిపోయినప్పుడు కూడా ప్రపంచానికి మిగిలింది ఇమెల్డా చెప్పులే. దేశాన్ని నిలువునా దోచిన మొగుడి బ్యాంకు ఖాతాలు చరిత్రకారులకి మిగిలాయి. ఆడమనిషి ఆస్తిని జనం బీరువా తెరిచి చూస్తారు. "ఇన్ని చీరలు ఎందుకు" అనే మాటలో అవినీతి మీద కోపం కొంత, ఆడదానికి ఇంత ఆశా అనే వెక్కిరింపు కొంత కలిసి ఉంటాయి. నేను అరగంట సేపు చెప్పుల గురించి మాట్లాడిన మధ్యాహ్నం నా కోపంలో ఏ పాలు ఎంతో ఇప్పుడు విడదీసి చెప్పలేను. ఇలా అంటున్నానని ఆమెని వెనకేసుకొస్తున్నట్టు కాదు. ఆమె మీద మోపిన అసలు నేరం నా దృష్టిలో చాలా పెద్దది. పెద్దది కాబట్టే చెప్పులు దానికి అడ్డం.

ఇంకో నష్టం కూడా ఉంది. చెప్పుల మీద పుట్టిన కోపం త్వరగా చల్లారుతుంది. 2014 సెప్టెంబరు 27న బెంగళూరు ప్రత్యేక కోర్టు జడ్జి జాన్ మైఖేల్ డి'కున్హా నాలుగేళ్ల జైలు, వంద కోట్ల జరిమానా వేశాడు. పద్దెనిమిదేళ్ల కిందట ఆ వీడియో చూసి చీదరించుకున్న రాష్ట్రమే ఆ రోజు ఏడ్చింది. పన్నీర్‌సెల్వం కన్నీళ్లు తుడుచుకుంటూ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశాడు. ఆ దిగులుతో చనిపోయారన్నవాళ్ల కుటుంబాలకి పార్టీ మూడేసి లక్షలు ప్రకటించింది. ఈ మధ్యలో ఆమె నగలు తీసేసింది. చాలా ఏళ్లు చెవికి, మెడకి ఏమీ లేకుండా, ఒకే తీరు చీరలో కనిపించింది. జనం దృష్టిలో చీరల లెక్క అక్కడితో సరిపోయిందనుకుంటా. పైగా అమ్మ క్యాంటీన్‌లో ఇడ్లీ రూపాయి. భూముల లెక్క అలాగే ఉంది, కానీ దాని మీద ఎవరికీ ఎప్పుడూ కోపం రాలేదు కాబట్టి తగ్గడానికీ ఏమీ లేదు. 2016 మేలో ఆమె మళ్లీ గెలిచింది. అధికారంలో ఉన్న పార్టీ వరసగా రెండోసారి గెలవడం ఎంజీఆర్ తర్వాత అదే మొదలు.

మా అవ్వ కూడా ఆమెకే ఓటేసేదేమో, ఓటు అటువైపు ఉంటే. 2014లో శిక్ష పడిన రోజు ఫోన్ చేస్తే, "పాపం, ఆడకూతురు. తిన్నదానికన్నా పెట్టిందే ఎక్కువ" అంది. పలక మీద భాగహారం గుర్తుచేశాను. "అవన్నీ పాత చీరలు లేరా" అంది. అవ్వకి కోర్టు జాబితా సంగతి తెలిసే అవకాశం లేదు. ఎలా అందో నాకిప్పటికీ అర్థం కాదు.

2016 డిసెంబరు 5న జయలలిత చనిపోయింది. రెండు నెలల తర్వాత, 2017 ఫిబ్రవరి 14న, సుప్రీం కోర్టు హైకోర్టు తీర్పుని కొట్టేసి డి'కున్హా తీర్పుని నిలబెట్టింది. ఆ కూడిక తప్పు అక్కడ సరయింది. ఆమె లేదు కాబట్టి ఆమెకి శిక్ష లేదు, శశికళ జైలుకెళ్లింది.

2025 ఫిబ్రవరిలో బెంగళూరు కోర్టు స్వాధీనంలో ఉన్న నగలు పెట్టెల్లో పెట్టి తమిళనాడు ప్రభుత్వానికి అప్పగించారు. వాటితోపాటు 1,500 ఎకరాలకి పైగా భూమి కాగితాలు కూడా. టీవీలో పెట్టెలు చూపించారు. కాగితాలు ఒక వాక్యం. రాత్రి అమ్మ నగరి నుంచి ఫోన్ చేసింది. అవ్వ పోయి అప్పటికి ఐదేళ్లు.

"చూసినావా? నగలు చూపిచ్చినారు. చీరలేమైనాయంట?" అని అడిగింది.

నేనప్పటికే గంట నుంచి అదే వెతుకుతున్నాను.