జనాభా పెరిగితే ఆకలి తప్పదా? చిన్న రైతు చూడాల్సిన లెక్క

తినే నోళ్లు పెరగడం వల్లే ఆకలి వస్తుందని చాలామంది అనుకుంటారు. లెక్కలు చూస్తే వేరే సంగతి తెలుస్తుంది. 1951లో మన దేశ జనాభా 36 కోట్లు, 2011లో 121 కోట్లు. అంటే మూడు రెట్లకు పైగా పెరిగింది. ఆహార ధాన్యాల ఉత్పత్తి 1950-51లో సుమారు 5 కోట్ల టన్నులు, 2011-12లో సుమారు 26 కోట్ల టన్నులు. అంటే ఐదు రెట్లు. అయినా 2023లో ప్రపంచంలో సుమారు 70 కోట్ల జనం ఆకలితో ఉన్నారని ఐక్యరాజ్యసమితి అంచనా. పంట లేక కాదు, చాలామందికి దాన్ని కొనే స్థోమత లేక. 1943 బెంగాల్ కరువులో ఇదే జరిగిందని అమర్త్యసేన్ 1981లో వివరించారు. ధరలు పెరిగాయి, కూలి ఆ మేరకు పెరగలేదు.

జనాభా భారం రైతు మీద పడేది భూమి పంపకాల్లో. దేశంలో సగటు కమతం 1970-71లో 5.6 ఎకరాలు, 2015-16లో 2.7 ఎకరాలు. ఉన్న ఆ కాస్త భూమిలో అంతా పత్తే వేస్తే, ఇంట్లో తిండి పత్తి ధర మీద ఆధారపడుతుంది. రేషన్‌లో బియ్యం వస్తాయి, పప్పు కొనుక్కోవాలి. బియ్యంలో మాంసకృత్తులు 7 శాతం వరకే, పప్పుల్లో 20 శాతానికి పైనే.

గంగారం, కొత్తగూడ వైపు వర్షాధారంగా పత్తి వేసే రైతులు పాటించాల్సినవి:

• ఇంటి అవసరం లెక్క వేసుకోండి. ఐదుగురికి రోజుకు తలా 50 గ్రాముల చొప్పున ఏడాదికి 90 కిలోల పప్పు కావాలి. అందుకు 120–130 కిలోల కందులు పట్టించాలి.

• పత్తిలో ప్రతి 4 లేదా 6 సాళ్లకు ఒక సాలు కంది వేయండి. పత్తి దెబ్బతిన్నా పప్పు మిగులుతుంది.

• పత్తిలో వాడే కలుపు మందు కందిని దెబ్బతీయవచ్చు. పిచికారీకి ముందు మీ క్లస్టర్ ఏఈఓను అడగండి.

• కందులు బాగా ఎండబెట్టి, పప్పు చేయించి నిల్వ ఉంచితే పుచ్చు తక్కువ. పురుగు మందులు వచ్చిన సంచుల్లో తిండి గింజలు పోయవద్దు.

• మందు కలిపిన విత్తనం మిగిలినా వండుకోవద్దు.

• పెరట్లో మునగ, చిక్కుడు, ఆకుకూరలు పెంచండి.

ఇంటికి కావలసింది పక్కన పెట్టాకే మిగతా కందులు అమ్మండి.