విశ్వవిద్యాలయములలో లైంగిక వేధింపుల విచారణ (భారతదేశము)

విద్యార్థిపై తోటి విద్యార్థిని లైంగిక వేధింపుల ఫిర్యాదు చేసినప్పుడు విశ్వవిద్యాలయము జరుపు విచారణ పోలీసు కేసునకును న్యాయస్థాన విచారణకును భిన్నమైనది. చెరసాల శిక్ష విధించు అధికారము దీనికి లేదు గాని, ఒక యువకుని తరగతినుండియు, హాస్టలునుండియు, తుదకు విద్యాలయమునుండియు తొలగించు అధికారము కలదు. 1997 వరకు దేశమున దీనికై ప్రత్యేక నియమములు లేవు. పరీక్షలో కాపీ కొట్టుట, హాస్టలులో కొట్లాడుట మొదలగు వానితోబాటు ఇట్టి ఫిర్యాదులును ప్రిన్సిపాలుగారి సాధారణ క్రమశిక్షణాధికారమునకే లోబడియుండెను. పరీక్షలో అక్రమము చేసినాడని విద్యార్థిని శిక్షించుటకు ముందు అతని మాట వినితీరవలెనని 1962లో సుప్రీంకోర్టు ఉత్తర ప్రదేశ్ పరీక్షా బోర్డు కేసున చెప్పిన తీర్పు ఆ అధికారమునకు ఏర్పడిన ఒక ముఖ్యమైన హద్దు.

ఈ చరిత్రలో నిలిచి చూడవలసినది రాంచీలోని రాజేంద్ర వైద్య కళాశాలలో 1972 జూన్ నెలలో జరిగిన ఘటన. ఒకనాటి రాత్రి కొందరు విద్యార్థులు బాలికల హాస్టలు ఆవరణలో చొరబడి వివస్త్రులై తిరిగిరని 36 మంది విద్యార్థినులు ప్రిన్సిపాలునకు వ్రాతమూలకముగా ఫిర్యాదు చేసిరి. ముగ్గురు అధ్యాపకుల సంఘము విద్యార్థినుల వాఙ్మూలములను నిందితుల పరోక్షమున గైకొని, నిందితుల ఛాయాచిత్రములను ఇతరుల వానితో కలిపి చూపగా, వారు నలుగురిని గుర్తించిరి. పిమ్మట ఆ నలుగురిని వేరుగా పిలిపించి, ఆరోపణలు తెలిపి, సమాధానములు వ్రాయించుకొని, రెండేండ్లపాటు కళాశాలనుండి బహిష్కరించిరి. తమ యెదుట సాక్ష్యము చెప్పింపలేదనియు, అడ్డప్రశ్నలు వేయు అవకాశమీయలేదనియు శిక్షితులు సుప్రీంకోర్టు వరకు పోయిరి. సహజ న్యాయసూత్రములు అన్ని సందర్భములకు ఒకే రూపమున వర్తింపవనియు, నిందితుల యెదుట నిలువబెట్టినచో ఆ బాలికలు నోరు విప్పజాలరనియు, కళాశాల ఆవరణ దాటిన పిమ్మట వారిని కాపాడు శక్తి అధికారులకు లేదనియు తలచి, 1973లో ఆ న్యాయస్థానము అప్పీలును కొట్టివేసెను. ఫిర్యాదు చేసిన ఆడపిల్ల రేపు అదే వీథిని నడిచి పోవలెనన్న సంగతిని గుర్తెరిగిన తీర్పగుటచే ఇది గౌరవింపదగినది. అయినను విచారించువారెవరై యుండవలెను, ఎన్నాళ్లలో ముగింపవలెను అను ప్రశ్నలకు సమాధానము మాత్రము మఱి పాతికేండ్లవరకు ఒక్కొక్క ప్రిన్సిపాలు విచక్షణకే విడువబడెను.

రాజస్థానమున ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమమున పనిచేయుచు, బాల్యవివాహము నాపబూనినందుకు 1992లో సామూహిక అత్యాచారమునకు గురియైన భంవరీదేవి ఉదంతము, సుప్రీంకోర్టులో ‘విశాఖ’ అను సంస్థ పేర నడచిన వ్యాజ్యమునకు మూలమయ్యెను. 1997 ఆగస్టు 13న వెలువడిన ఆ తీర్పు, ప్రతి ఉద్యోగస్థలమునను స్త్రీ అధ్యక్షతన, బయటి సభ్యులతో కూడిన ఫిర్యాదుల సంఘ ముండవలెనని ఆదేశించెను. ఆ సంవత్సరమే ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన ర్యాగింగు నిషేధ చట్టము, విద్యార్థికి మానభంగకరమైన చేష్టలను సైతము ర్యాగింగు నిర్వచనములో చేర్చి, ఫిర్యాదు రాగానే విచారించి, ప్రాథమికముగా నిజమని తోచినచో నిందితుని సస్పెండు చేయవలెనని కళాశాల అధిపతిని నిర్బంధించెను.

విశాఖ తీర్పును విద్యార్థి జీవితమునకు అన్వయించుటలో జవాహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయము మార్గదర్శి. అచట లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించుటకు 1999లో ఏర్పడిన జీఎస్‌క్యాష్ అను సంఘమున విద్యార్థుల, అధ్యాపకుల, ఉద్యోగుల ప్రతినిధులు ఎన్నికద్వారా స్థానము పొందిరి. తమ వోటుతో నిలిచిన సంఘమునెదుట విద్యార్థినులు జంకులేక చెప్పుకొనగలుగుటయే దాని బలము. 2017లో దానిని రద్దుచేసి అంతర్గత ఫిర్యాదుల కమిటీని నియమించుట విచారింపదగిన నష్టము.

2012 డిసెంబరు నాటి ఢిల్లీ సామూహిక అత్యాచార ఘోరము పిమ్మట 2013లో పార్లమెంటు ఉద్యోగస్థలములలో లైంగిక వేధింపులపై చట్టము చేసెను. విశ్వవిద్యాలయ నిధుల సంఘము (యూజీసీ) నియమించిన సక్షమ్ కమిటీ ఆ యేడే నివేదిక నిచ్చెను. 2014లో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయమున ఒక విద్యార్థిని తోటి విద్యార్థులపై చేసిన ఫిర్యాదును విచారించిన తీరుపై ధర్నా చేయుచున్నవారిమీదికి రాత్రివేళ పోలీసులు రాగా, పుట్టిన ఆందోళన నెలల తరబడి సాగి, 2015 జనవరిలో ఉపకులపతి పదవి వీడుటతో చల్లారెను.

ఇప్పటి వ్యవస్థకు ఆధారము 2015 నాటి యూజీసీ నిబంధనలు; ఇవి 2016 మే నెలలో గెజెట్టున ప్రకటింపబడెను. అధ్యాపకురాలు అధ్యక్షురాలుగాను, సభ్యులలో సగము మంది స్త్రీలుగాను, విషయము విద్యార్థులకు సంబంధించినప్పుడు ఎన్నికైన ముగ్గురు విద్యార్థులు చేరునట్లును కమిటీ నేర్పరచి, ఉపకులపతి, రిజిస్ట్రారు, డీనులు మొదలగువారు అందుండరాదని ఇవి శాసించుచున్నవి. ఫిర్యాదునకు మూడు మాసములు గడువు, తగిన కారణమున్నచో మఱి మూడు మాసములు. ప్రతి అందిన నిందితుడు పది దినములలో సమాధాన మీయవలెను. విచారణ తొంబది దినములలో ముగియవలెను. ఈలోపల నిందితుడు ఫిర్యాదిని సమీపింపకుండ కట్టడి చేయవచ్చును. నేరము తేలినచో గ్రంథాలయము, హాస్టలు, ఉపకారవేతనము వంటి వసతుల నిలుపుదల మొదలు పేరు కొట్టివేయుట వరకు శిక్షలు కలవు. ఆరోపణ ఋజువు కాకపోయినంత మాత్రమున అది దురుద్దేశపూరితమని భావింపరాదను నియమము వీనియందెల్ల విలువైనది. ఏలనన నాలుగు గోడల నడుమ జరిగిన దానికి సాక్షులు దొరకుట అరుదు. పురుష విద్యార్థులును, తృతీయలింగ విద్యార్థులును బాధితులు కావచ్చునని ఈ నిబంధనలు స్పష్టముగా గుర్తించినవి.

త్వరపడి చేసిన విచారణవలన ఎవరికి నష్టమో గోవా విశ్వవిద్యాలయ వ్యవహారము చూపును. అచట 2009లో విద్యార్థినులు ఒక విభాగాధిపతిపై, అనగా విద్యార్థిపై కాక అధ్యాపకునిపై, చేసిన ఫిర్యాదుల విచారణలో కమిటీ 39 దినములలో 18 సమావేశములు జరిపెను. నిందితునికి తన వాదము చెప్పుకొను తగిన అవకాశము దొరకలేదని 2023 మేలో సుప్రీంకోర్టు ఆ శిక్షను రద్దుచేసి, విచారణ మరల జరుపుడనెను. పదునాలుగేండ్ల పిమ్మట అది తిరిగి కమిటీ గదికే చేరెను. ఆ తీర్పులోనే న్యాయస్థానము, విశ్వవిద్యాలయములు మొదలగు సంస్థలలో కమిటీలు నిజముగా ఏర్పడినవో లేదో పరిశీలింపుడనియు, సభ్యులను సంప్రదించు ఫోను నంబర్లు, ఫిర్యాదు చేయు విధానము సులభముగా కనబడునట్లు ప్రకటింపుడనియు ఆదేశించెను.