అరవై అయిదు గులాబీలు



చందా అడగడానికి నాలుగిళ్ళు తిరిగిన వాళ్ళకే తెలుస్తుంది ఆ కష్టం. వినాయక చవితి పందిరికి అడగాలన్నా ముఖం చిన్నబోతుంది. అలాంటిది కన్నబిడ్డల జబ్బు గురించి, అందులోనూ మందే లేని జబ్బు గురించి, ముక్కూమొహం తెలియని వాళ్ళకి చెప్పుకుని డబ్బడగాలంటే ఎలా ఉంటుంది? 1965లో మేరీ వైస్ అనే ఇల్లాలు ఆ పనికి పూనుకుంది. ఆవిడకి ముగ్గురు కొడుకులు. ముగ్గురికీ సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జబ్బేనని తేలింది.

ఇది పుట్టుకతో వచ్చేది. ఒంట్లో పలచగా ఊరవలసిన జిగురు బంకలా చిక్కబడి ఊపిరితిత్తుల్లో పేరుకుంటుంది. జీర్ణరసాలు పేగుల్లోకి దిగవు, తిన్నది ఒంటబట్టదు. చెమట మాత్రం మహా ఉప్పన. ముద్దు పెట్టుకుంటే నుదురు ఉప్పగా తగిలే బిడ్డ దక్కదని యూరప్‌లో పూర్వం అనుకునేవారట. 1938లో డొరొతీ ఆండర్సన్ అనే అమెరికా వైద్యురాలు ఈ జబ్బును విడిగా గుర్తించి వివరించింది. చెమటలో ఉప్పు సంగతి వైద్యులు తేల్చింది మటుకు 1953లో. తల్లుల పెదవులకి ఏనాడో తెలిసిన సంగతే మరి!

తల్లిలోనూ తండ్రిలోనూ ఆ దోషం చెరొకటి దాగి ఉంటే, వాళ్ళు ఆరోగ్యంగానే ఉంటారు గాని ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుంది. మేనరికాలు వద్దని మన డాక్టర్లు చెప్పేది ఇలాంటి జబ్బులకు భయపడే.

1955లో అమెరికాలో కొందరు తల్లిదండ్రులు కలిసి ఈ జబ్బు పరిశోధన కోసం ఒక ఫౌండేషన్ పెట్టారు. ఆ రోజుల్లో ఈ పిల్లలు బడికి వెళ్ళే వయసుదాకా బతకడమే అరుదు. మేరీ వైస్ ఆ సంస్థ తరఫున ఇంట్లో కూర్చుని క్లబ్బులకీ సంఘాలకీ వరసగా ఫోన్లు చేసేది. నాలుగేళ్ళ రిచర్డ్ అది వింటూ ఉండేవాడు. వాడికి ఆ జబ్బుందని వాడికే తెలియదు. ఓ రోజు దగ్గరికొచ్చి, అమ్మ దేనికోసం పనిచేస్తోందో నాకు తెలుసన్నాడు. ఆవిడ గుండె ఝల్లుమంది. భయపడుతూనే దేనికోసమని అడిగితే, "సిక్స్‌టీ ఫైవ్ రోజెస్" కోసమన్నాడు! సిస్టిక్ ఫైబ్రోసిస్ అన్నమాట ఆ చిన్ని చెవులకి అరవై అయిదు గులాబీలుగా వినిపించింది. అవును నాన్నా, గులాబీల కోసమే అంటూ ఆ తల్లి వాడికి కనపడకుండా కన్నీళ్ళు పెట్టుకుంది.

ఆ చందాలు ఊరికే పోలేదు. 1989లో దోషమున్న జన్యువు దొరికింది. 2000 నుంచి ఆ ఫౌండేషనే మందుల కంపెనీకి డబ్బిచ్చి పరిశోధన చేయించింది. 2012లో మొదటి మందు, 2019లో చాలామందికి పనిచేసే మందు వచ్చాయి. చావుబతుకుల్లో ఉన్నవాళ్ళు లేచి తిరిగారు.

అయితే 2019లో వచ్చినప్పుడు ఆ మందు ధర అమెరికాలో ఏడాదికి సుమారు 3 లక్షల డాలర్లు! చందాల డబ్బుతో మొదలైన మందుకి అంత ధర ఏమిటని నాకు మనసులో ముల్లులా ఉంటుంది. 2014లో ఫౌండేషన్ ఆ మందుల మీద తనకు రావలసిన వాటాను 330 కోట్ల డాలర్లకు అమ్మి, సొమ్మును మళ్ళీ ఈ జబ్బు కోసమే కేటాయించింది. అదొక్కటే ఊరట. కొందరు రోగులకి ఈ మందులు పనిచేయవు. ఆ పిల్లల తల్లులు ఇంకా చందాలు అడుగుతూనే ఉన్నారు.