సాగు చేసినవారికే నేల దక్కిందా? రెండు నగరాల కథ

అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరం నడిబొడ్డున, గోదాముల మధ్య 14 ఎకరాల పొలం ఉండేది. పేరు సౌత్ సెంట్రల్ ఫార్మ్. చెత్త కాల్చే కర్మాగారం కోసం నగరపాలక సంస్థ 1980లలో సేకరించిన స్థలమది. స్థానికులు ఎదురు తిరగడంతో కర్మాగారం రాలేదు. 1992 అల్లర్ల తర్వాత, 1994లో, ఆ నేలను సాగుకు వాడుకోనిచ్చారు. సుమారు 350 కుటుంబాలు అక్కడ మళ్లు కట్టుకున్నాయి. ఎక్కువమంది మెక్సికో, మధ్య అమెరికాల నుంచి వలస వచ్చినవారు. వారిలో అక్కడి ఆదివాసులూ ఉన్నారు. మొక్కజొన్న, చిక్కుళ్లు, కూర వండుకునే నాగజెముడు, మందు మొక్కలు పండించారు. ఊరు వదిలినా విత్తనాన్ని వదలలేదు.

వారి చేతిలో ఉన్నది అనుమతి మాత్రమే, హక్కు కాదు. 2003లో నగరపాలక సంస్థ ఆ స్థలాన్ని సుమారు 50 లక్షల డాలర్లకు పాత యజమానికి తిరిగి అమ్మేసింది. రైతులు కోర్టుకెళ్లారు, చెట్టెక్కి కూర్చుని నిరసన తెలిపారు. 2006 జూన్ 13న పోలీసులు ఖాళీ చేయించారు. తర్వాత బుల్డోజర్లు వచ్చాయి. సాగు తెలియక పోయిన పొలం కాదది.

బోస్టన్ నగరంలోని డడ్లీ వీధి ప్రాంతం కథ వేరు. ఇళ్లు తగలబడి, చెత్త పేరుకుని, అక్కడ సుమారు 1,300 స్థలాలు ఖాళీగా పడి ఉండేవి. 1984లో ప్రాంతాన్ని బాగుచేసే ప్రయత్నం మొదలైనప్పుడు బయటి సంస్థల పెద్దలే కమిటీ వేయబోయారు. "మీలో ఇక్కడ కాపురముండేవారెందరు?" అని స్థానికులు నిలదీశారు. దాంతో కమిటీలో వారికే మెజారిటీ వచ్చింది. నల్లజాతివారు, లాటినోలు, కేప్ వెర్డియన్లు, తెల్లవారు, జనాభా ఎంతున్నా నాలుగు వర్గాలకూ సమానంగా సీట్లు. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

1987లో తమ ప్రణాళిక తామే రాసుకున్నారు. మరుసటి ఏడాది ఖాళీ స్థలాలను సేకరించే అధికారం సాధించారు. సాధారణంగా ప్రభుత్వాలే వాడే అధికారమది! భూమిని ట్రస్టు పేరున ఉంచి 99 ఏళ్ల లీజులకిచ్చారు. ఇల్లు చేతులు మారవచ్చు, నేల మాత్రం ట్రస్టుదే.

ఏజెన్సీలో పుట్టిన మనకిది వింత కాదు. గిరిజనేతరుల చేతికి భూమి పోకుండా 1/70 చట్టం కాపు కాస్తోంది. అయితే అది పైనుంచి వచ్చిన చట్టం. డడ్లీవారిది వాడకట్టు జనం కూర్చుని రాసుకున్న కట్టుబాటు. మన గ్రామసభకు 2006 అటవీ హక్కుల చట్టం సామూహిక హక్కులిచ్చింది కాబట్టి ఆ తేడా గమనించదగ్గది.

డడ్లీలో ఒకప్పటి కార్ల గ్యారేజీ స్థలంలో ఇప్పుడు 10,000 చదరపు అడుగుల గ్రీన్‌హౌస్ ఉంది. అందులో కూరగాయలు పండించేవారిలో మీ వయసు పిల్లలూ ఉన్నారు.